మా బల్ల కోసం తార్నాక దాకా

హైదరాబాదు వెళ్ళొచ్చానంటే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే. చార్మినార్ చూశావా? చూడలేదు. గోల్కొండ? అదీ లేదు. మరి అన్ని రోజులు ఏం చేశావమ్మా అని మా పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. తార్నాక చూశాను, ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటగది చూశాను, యూనివర్సిటీలో చెట్ల కింద చదువుకునే పిల్లల్ని చూశాను. వీటికోసం ఎవరైనా రైలెక్కుతారా అంటే, నేను ఎక్కాను. పని పడింది మరి.

ఆ పనేమిటో ముందే చెప్పేస్తాను. భీమవరం దగ్గర ఒక రొయ్యల షెడ్డులో నేను సూపర్‌వైజర్ని. చెరువుల్లో పట్టిన రొయ్య ఐసులో మా దగ్గరకు వస్తుంది. ఆడవాళ్ళు పొడుగాటి స్టీలు బల్లకు అటూ ఇటూ నిలబడి తల తీసి, పొట్టు ఒలిచి, చిన్న కత్తితో వీపు చీల్చి నల్ల నరం లాగేస్తారు. తర్వాత దాన్ని గడ్డకట్టించి పెట్టెల్లో పెట్టి ఓడ ఎక్కిస్తారు. ఏ బల్ల ఆడవాళ్ళు ఆ బల్లకే. వస్తే అందరూ కలిసి వస్తారు, మానేస్తే అందరూ కలిసి మానేస్తారు. కొత్తగా ఎవరు కనబడినా "నువ్వు ఎవరి బల్ల?" అని అడగడం మా దగ్గర అలవాటు. నా బల్లలో ఎనిమిది మంది ఉండేవారు.

మేం ఒలిచిన రొయ్యలో ఎక్కువ అమెరికా వెళ్ళేది. ఆ దేశం మన సరుకు మీద సుంకం పెంచేసిందని ఒకనాడు టీవీలో చెప్పారు. పెద్దవాళ్ళూ పెద్దవాళ్ళూ చూసుకుంటారులే, మనకెందుకని నేను చానెల్ మార్చేశాను. ఓరి దేవుడా, కొద్ది వారాలకే ఆర్డర్లు ఆగిపోయి షెడ్డుకు తాళం పడింది. నా బల్లలో ఒకామె కువైట్ వెళ్ళిపోయింది. ఇద్దరు ఊళ్ళోనే చేల పనుల్లో పడ్డారు. సువార్తతో కలిపి మిగిలిన ఐదుగురూ హైదరాబాదు చేరి, తార్నాకలో ఒక హాస్టల్లో వంటకు కుదిరారు. సువార్త మా బల్లకు పెద్ద దిక్కు. ఆమె ఎటంటే మిగతావాళ్ళు అటు.

ఇప్పుడు సంగతి మారింది. కొత్త ఒప్పందాలట, వేరే దేశాల ఆర్డర్లట, షెడ్డు తెరుస్తున్నామని ఓనరుగారు కబురు చేశారు. "నీ బల్లను తెచ్చుకో విమలా, నీ ఉద్యోగం నీకుంటుంది. వాళ్ళు రాకపోతే కాంట్రాక్టరు ఒడిశా నుంచి మనుషుల్ని దింపుతాడు. అతని మనుషులకు అతని సూపర్‌వైజరే ఉంటాడు" అన్నారు. మా ఆయన నడుం దెబ్బతిని ఆటో తోలడం మానేసిన దగ్గర్నుంచీ మా ఇంటికి నా జీతమే ఆధారం. వెంటనే సువార్తకు ఫోన్ చేశాను. "ప్రార్థనలో పెడతాం అక్కా" అంది. "ఆదివారం ఇక్కడ కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం, నువ్వూ రా" అని కూడా అంది. దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేది షెడ్డు తెరుచుకున్నందుకు కాక మరెందుకు అనుకున్నాను. వాళ్ళ అయిదుగురికీ తిరుగు టిక్కెట్లు ఎలా దొరుకుతాయా అన్నదే అప్పుడు నా బెంగ.

సంచిలో వాసన

శుక్రవారం పొద్దున్నే సికింద్రాబాదులో దిగి మెట్రో ఎక్కాను. ఎక్కాను అని తేలిగ్గా రాసేశాను గానీ, ఆ కదిలే మెట్ల ముందు నేను నిలబడిపోతే నా వెనకాల చిన్న ఊరేగింపు తయారైంది. ఎవరో కాలేజీ పిల్ల చెయ్యి పట్టుకుని "కళ్ళు మూసుకుని కాలు పెట్టేయండి ఆంటీ" అంది. కళ్ళు మూసుకుంటే కాలెక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుందమ్మా! మొత్తానికి ఎక్కాను.

అంతకు ముందే సంచుల తనిఖీ దగ్గర ఇంకో గొడవ. నా సంచిలో సువార్తకోసం ఎండు రొయ్యలున్నాయి. మూడు కవర్లు చుట్టినా వాటి వాసనకు అడ్డేముంది? యూనిఫాం వేసుకున్న అమ్మాయి "ఏమున్నయ్ మేడమ్ ఇండ్ల?" అంది. చెప్పి ముడి విప్పబోయాను. "వద్దు వద్దు, తియ్యకుండ్రి, పోండి" అని ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. బండిలో కూర్చున్నాక నా చుట్టూ సీట్లు ఖాళీ అవుతూ వచ్చాయి. ఒక పెద్దాయన మాత్రం, తెల్ల గడ్డం, నెత్తిన టోపీ, వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"ఎండు రొయ్యలా అమ్మా?" అన్నాడు.

"అవునండి. ఇబ్బందిగా ఉందా?"

"అరె, ఇబ్బందేంది! టమాటల వేస్తే మస్తుంటది. అసలైన రుచి గిదే. గీ పిల్లగాళ్ళకేం ఎరుక."

ఆయనకు ఓ గుప్పెడు కట్టి ఇచ్చాను. వద్దు వద్దంటూనే జేబురుమాలు పరిచాడు. తార్నాక స్టేషన్ రాగానే నాకంటే ముందే లేచి "గీడ్నే దిగాలె" అని తలుపు దాకా వచ్చి చూపించాడు.

వేళ్ళకు గోళ్ళు

తార్నాకలో మెయిన్ రోడ్డు ఒక ఎత్తు, లోపలి సందులు ఒక ఎత్తు. సందుల్లో గోడ కనబడితే చాలు కోచింగ్ సెంటరు బోర్డు, దాని పక్కన హాస్టల్ బోర్డు, కింద జిరాక్స్ షాపు. మా ఊళ్ళో ఇడ్లీ అంటే ముందు అల్లం పచ్చడి ఎక్కడ అని అడుగుతాం. ఇక్కడ బండివాడు ప్లేటుకు నలభై రూపాయలు తీసుకుని కొబ్బరి చట్నీ పోసి ఊరుకున్నాడు. అడిగితే "గదే ఉన్నది అమ్మా" అన్నాడు. ఒక మూల కొట్లో మాత్రం నాకు ఆశ్చర్యం వేసింది. మా వైపు బెల్లం, పూతరేకులు, ఎండు చేపలు, కొత్తావకాయ వరసగా పేర్చి ఉన్నాయి. మీవాళ్ళు ఇటు మస్తు మంది వచ్చిండ్రు కదా అమ్మా, అడుగుతున్నరు, అందుకే తెప్పిస్తున్న అన్నాడు కొట్టాయన.

హాస్టల్ మూడంతస్తుల మేడ. వంటగది కింద, వెనక వైపు. లోపలికి తొంగి చూసేసరికి సువార్త పెద్ద గుండిగలో గరిటె తిప్పుతోంది. నన్ను చూసి గరిటె అలాగే వదిలేసి వచ్చి వాటేసుకుంది.

"వందనాలు అక్కా! ఏంటి ఇలా చిక్కిపోయావు?"

"నువ్వు మాత్రం బాగా ఒళ్ళు చేశావు" అన్నాను. "పిల్లలకు పెడుతున్నావా, నువ్వే తింటున్నావా?"

అయిదుగురూ పకపకా నవ్వారు. సువార్త చేతులు నా చేతుల్లోకి తీసుకుని చూశాను. ఆమె వేళ్ళకు గోళ్ళున్నాయి. రొయ్య ఒలిచే మనిషికి గోళ్ళుండవు. ఐసు నీళ్ళు, పొట్టు ముళ్ళు కలిసి వేళ్ళ చివర్లను తినేస్తాయి. పదేళ్ళుగా ఆ వేళ్ళు పగిలి, తెల్లగా నాని ఉండటమే నేను చూశాను. ఇప్పుడు గులాబీ రంగు కూడా వేసుకుంది.

"ఇదేం చోద్యమే" అన్నాను.

"హాస్టల్ పిల్లలు వేశారక్కా, పండక్కి" అని చేతులు వెనక్కి లాక్కుంది.

మొదటి నెలంతా వాళ్ళకు ఏడుపొక్కటే తక్కువట. మా గోదావరి పద్ధతిలో వంకాయ కూరలో కాస్త బెల్లం వేస్తే, పిల్లలు కంచాలు పట్టుకొచ్చి "ఆంటీ, కూరల గీ తీపేంది?" అన్నారట. కారం సరిపోలేదన్నారు, పచ్చి పులుసు కావాలన్నారు, ఆదివారం బగారన్నం లేకపోతే ఆదివారమే కాదన్నారు. హాస్టల్ యజమాని రేణుక మేడమ్ సిద్ధిపేట వైపు మనిషి. తనే కొంగు బిగించి వంటగదిలో నిలబడి, వారం రోజులు అన్నీ నేర్పిందట. "ఆవిడ లేకపోతే మేం ఆ నెలలోనే తిరుగు రైలెక్కేవాళ్ళం" అంది సువార్త.

ఆ మధ్యాహ్నం నాకు పచ్చి పులుసు పోశారు. కాచకుండా చారేమిటని మొహం చిట్లించాను గానీ, రెండోసారి నేనే అడిగి పోయించుకున్నాను.

షెడ్డు మాట రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ "ఆదివారం మాట్లాడుకుందాం అక్కా, ప్రార్థనలో ఉంది" అంది. నా అంత తెలివితక్కువ మనిషి ఉండదు. మా సంఘంలో ఎవరైనా మొహం మీద కాదనలేకపోతే అనే మాట అదే. మా పిల్లకు ఆ సంబంధం ఖాయం చేద్దామా అని అడిగితే, ఇష్టం లేనివాళ్ళు ప్రార్థనలో పెడతామంటారు. స్థలం కొంటారా అంటే ప్రార్థనలో పెడతామంటారు. నేనూ ఎంతమందితోనో ఆ మాట అని తప్పించుకున్నదాన్నే. నాతో అన్నప్పుడు మాత్రం దాన్ని అవుననే విన్నాను.

చెట్ల కింద చదువులు

హాస్టల్లో నాకు మంచం దొరికిన గదిలో శ్రావణి అనే అమ్మాయి ఉంది. జనగామ దగ్గరి పల్లె. ఒక దేశం సుంకాలు మారిస్తే ఇంకో దేశంలో మనుషులు ఊళ్ళు ఎలా మారతారు అన్న దాని మీద పీహెచ్‌డీ చేస్తోంది. మా సువార్త బృందాన్ని కూడా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగిందట. దీనికి కూడా పెద్ద చదువుంటుందా అని నాకు నవ్వొచ్చింది.

"నవ్వకుండ్రి ఆంటీ" అంది. "అమెరికా సుంకం మీ షెడ్డు మూసింది గదా. గా టైంలనే మన సర్కారు బట్టల మిల్లులకు ఆసరా అని బయటి దేశాల పత్తి మీద పన్ను తీసేసింది. గది మా ఇంటిని తాకింది. మా పత్తికి రేటు రాలే. మా నాయిన ఇప్పుడు గీ తార్నాకల్నే అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్. మీ రొయ్య, మా పత్తి, ఒక్క కొట్లాటల్నే పడ్డయి."

నా నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. మా కష్టం మా షెడ్డు గేటు దగ్గరే ఆగిందని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.

శనివారం పొద్దున నన్ను వాళ్ళ యూనివర్సిటీ క్యాంపస్‌కు తీసుకెళ్ళింది. లోపలికి అడుగు పెడితే ఊరు మధ్యలో ఇంత అడవి ఉందా అనిపించింది. పొద్దుటి నడకకు వచ్చిన పెద్దవాళ్ళు, చెట్ల కింద పుస్తకాలు పరుచుకున్న పిల్లలు. కొందరు పైకి వినబడేలా చదువుకుంటున్నారు. వీళ్ళలో సగం మందికి క్లాసులు కూడా లేవు ఆంటీ, ఉద్యోగాల నోటిఫికేషన్ పడతదని సంవత్సరాల సంది కూసుంటరు అంది శ్రావణి. పెద్ద రాతి భవనం మెట్ల మీద కాసేపు కూర్చుని ఇరవై రూపాయల చాయ్ తాగాం. కప్పు మా ఊరి కప్పులో సగం ఉంది, చక్కెర మాత్రం రెట్టింపు.

ఆ రోజు వాళ్ళ డిపార్టుమెంటులో ఒక ప్రొఫెసరమ్మ ఉపన్యాసం ఉందని నన్నూ కూర్చోబెట్టింది. నేత చీర కట్టుకున్న పెద్దావిడ, తెలుగులోనే చక్కగా చెప్పింది. సరుకుకు దారి మూస్తే ఆ సరుకు తయారు చేసే మనిషి దారి వెతుక్కుంటాడు, ఆ మనిషి వెళ్ళిన చోటికి అతని ఊరి సరుకు వెనకాలే వెళుతుంది అంది. దేశాలు రాసుకునే ఒప్పందాల్లో సరుకు సంగతి పేజీలకు పేజీలుంటుంది, మనుషుల సంగతి ఎక్కడో ఒక మూల ఉంటుంది అంది. మూల కొట్లో చూసిన బెల్లం గుర్తొచ్చి నేను తలూపాను. సగం అర్థమైంది, సగం కాలేదు. చివర్లో శ్రావణి నన్ను మోచేత్తో పొడిచింది. ఏదో ఒకటి అడగకపోతే ఊరుకునేలా లేదు.

లేచి నిలబడ్డాను. "మళ్ళీ దారి తెరిస్తే, వెళ్ళినవాళ్ళు వెనక్కి వస్తారాండి?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి నన్నే చూసింది. "కొందరు వస్తారమ్మా. మళ్ళీ మూయరన్న నమ్మకం ఉంటే వస్తారు. ఆ నమ్మకం ఎవరివ్వాలో నాకు తెలియదు" అంది.

కూర్చున్నాక శ్రావణి చెవిలో అన్నాను, "ఆవిడకు మా బల్ల సంగతి తెలీదు. మావాళ్ళు వస్తారు చూడు."

ఆ పిల్ల తల తిప్పుకుని పుస్తకం సంచిలో పెట్టుకుంది.

ఎవరూ ఆమెన్ అనలేదు

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ మేడ మీద షామియానా వేశారు. చుట్టుపక్కల హాస్టళ్ళలో, ఇళ్ళలో పనిచేసే మా వైపువాళ్ళు ముప్ఫై మంది దాకా వచ్చారు. ఇంత దూరం వచ్చి కూడా వాళ్ళు పాటలు మా ఊరి రాగంలోనే పాడుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రేణుక మేడమ్ కూడా మర్యాదకు వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. పక్కన శ్రావణి. కింద పొయ్యి మీద బగారన్నం, కోడి కూర.

పాస్టరుగారు వాక్యం చెప్పాక, సాక్ష్యం చెప్పేవాళ్ళు చెప్పవచ్చు అన్నారు. మాలో ఒక కట్టడి ఉంది. ఇంటికి ఏ మేలు జరిగినా దాన్ని ముందు సంఘంలో, దేవుడి ఎదుట సాక్ష్యంగా చెప్పాలి. ఆ తర్వాతే ఇరుగుకూ పొరుగుకూ. సువార్త చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేవబోయింది. నా మనసు ఆగలేదు. ఇంత దూరం వచ్చినదాన్ని, బల్లకు సూపర్‌వైజర్ని, నేనే ముందు చెబుదామని గబుక్కున లేచాను.

"ప్రభువుకు స్తోత్రం. మా షెడ్డు మూతబడినప్పుడు ఈ అయిదుగురు బిడ్డలూ కన్నీళ్ళతో ఊరు విడిచి వచ్చారు" అన్నాను.

"ఆమెన్" అన్నారు అందరూ.

"దేవుడు వాళ్ళను ఆకలితో ఉంచలేదు."

"ఆమెన్."

"ఇప్పుడు ఆయనే తలుపు తీశాడు. షెడ్డు తెరుచుకుంది. ఈ నెలాఖరుకల్లా వీళ్ళు ఇంటికి వచ్చేస్తున్నారు!"

ఎవరూ ఆమెన్ అనలేదు. షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. సువార్త సగం లేచినది అలాగే కూర్చుండిపోయింది. రేణుక మేడమ్ కుర్చీలోంచి లేచి మెట్లు దిగి వెళ్ళిపోయింది. సువార్త ఆ తర్వాత సాక్ష్యం చెప్పలేదు. పాస్టరుగారు తడబడుతూ ముగింపు ప్రార్థన చేసేశారు. భోజనాలప్పుడు సువార్త నా విస్తట్లో అన్నం వడ్డించింది గానీ నా మొహం చూడలేదు.

నేను ఏం పాడు చేశానో శ్రావణి చెప్పింది, మెట్ల మీద పక్కకు పిలిచి. వచ్చే నెల నుంచి మెస్సు మొత్తం రేణుక మేడమ్ ఈ అయిదుగురికే అప్పజెప్పబోతోంది. జీతానికి వంట చేయడం కాదు, మెస్సు వాళ్ళదే. సరుకులు వాళ్ళే తెచ్చుకోవాలి, పిల్లల దగ్గర వాళ్ళే తీసుకోవాలి, మేడమ్‌కు వంటగది అద్దె కట్టాలి. ఆ మేలుకే ఈ కృతజ్ఞత కూడిక. సువార్త లేవబోయింది అది చెప్పడానికే.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీకు ఎట్ల చెప్పాలె ఆంటీ? మీ నౌకరి వాళ్ళ మీద ఉన్నదని వాళ్ళకెరుకనే గదా."

రేణుక మేడమ్ గుమ్మంలో

సోమవారం పొద్దున నేను వంటగదిలోకి వెళ్ళేసరికి ఉప్మా కలుపుతూ సువార్త ఏడుస్తోంది. రాత్రే రేణుక మేడమ్ ఎవరో ఏజెంటుకు ఫోన్ చేసిందట, జార్ఖండ్ నుంచి వంటవాళ్ళు కావాలని. మెస్సు మాట ఇంక లేనట్టే.

"ఏమే, నాలుగు రోజుల్నుంచీ నీ ఎదురుగానే ఉన్నాను కదా" అన్నాను. తప్పు నాదని తెలిసినా ముందు వచ్చేది కోపమే నాకు. "రాలేను అక్కా అని ఒక్క ముక్క అనలేకపోయావా?"

"ఎలా అననక్కా? షెడ్డులో నా చేతికి కత్తి పట్టుకోవడం నేర్పింది నువ్వు. నీ కడుపు మీద కొట్టి నేను మెస్సు పెట్టుకుంటానని ఏ నోటితో చెప్పను?" గరిటె పక్కన పెట్టేసింది. "కానీ రాను. అక్కడెవరో రొయ్య వద్దనుకున్నారు, మనం రోడ్డున పడ్డాం. ఇప్పుడు ఇంకెవరో కావాలన్నారు, వెళితే మళ్ళీ ఎప్పుడు వద్దంటారో ఎవరికి తెలుసు? వాళ్ళ మొహం మనం చూడలేదు, మన మొహం వాళ్ళు చూడలేదు. ఈ పిల్లలకు రేపు పొద్దున కూడా ఆకలేస్తుంది. అది నాకు తెలుసు."

కొంగుతో మొహం తుడుచుకుని పైకి వెళ్ళి రేణుక మేడమ్ తలుపు కొట్టాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది.

"మేడమ్, నిన్న నేను చెప్పింది అబద్ధం. అంటే, నేను నిజమే అనుకుని చెప్పాను. వాళ్ళు వస్తామని ఎప్పుడూ అనలేదు. పిలవడానికి వచ్చింది నేను. వాళ్ళు రారు."

"ఇయ్యాల మేం పోము అంటరు అమ్మా, రేపు జీతం పెంచుతమంటే పోతరు. పోయిన ఏడు ఇద్దరు వంటోళ్ళు గట్లనే చెప్పకుండ పోయిండ్రు. ఎనభై మంది ఆడపిల్లలకు పొద్దుగాల టిఫిన్ లేదు. ఎవల్ని నమ్మాలె నేను?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? నేనూ మనుషుల్ని పనికి పెట్టుకునేదాన్నే. ఆ స్థానంలో ఉంటే నేను ఇంకో నాలుగు మాటలు ఎక్కువే అనేదాన్ని. అందుకని నోటి మాటతో ఆవిడ నమ్మదని తెలిసింది. అక్కడే, గుమ్మంలోనే నిలబడి ఓనరుగారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"ఆఁ విమలా, ఎంతమంది వస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదండి. వాళ్ళకు ఇక్కడ సొంత పని కుదిరింది. ఇంక వాళ్ళ కోసం చూడకండి."

"రేపు తెస్తావా, ఎల్లుండి తెస్తావా అది చెప్పు."

"రేపూ లేదు, ఎల్లుండీ లేదండి. మీరు కాంట్రాక్టరుకు కబురు చేసేయండి."

"నీ ఉద్యోగం సంగతి నీకు ముందే చెప్పాను" అన్నారు.

"చెప్పారండి. గుర్తుంది."

ఫోన్ పెట్టేశాక రేణుక మేడమ్ గుమ్మంలోంచి పక్కకు జరిగింది. "లోపటికి రా అమ్మా" అంది. మంచినీళ్ళిచ్చింది. నా ఎదురుగానే ఏజెంటుకు ఫోన్ చేసి మనుషులు వద్దని చెప్పింది. తర్వాత, "మరి మీ ఇల్లెట్ల గడుస్తది?" అని అడిగింది. నాకే తెలియదు మేడమ్ అన్నాను. నిజంగానే తెలియదు.

మధ్యాహ్నం బయల్దేరేటప్పుడు అయిదుగురూ మెట్రో దాకా వచ్చారు. దారి పొడవునా సువార్త నా చెయ్యి వదల్లేదు. "ఎప్పుడైనా ఇక్కడికొచ్చేయ్ అక్కా, నీకు పని నేను చూపిస్తాను" అంది. మీ బావగారి నడుం, నా చేతి కూరలో బెల్లం, రెండూ తార్నాకకు పనికిరావమ్మా అన్నాను. నవ్వబోయి ఏడ్చేసింది. నేను ఏడవలేదు, స్టేషన్ లోపలికి వెళ్ళేదాకా.

మళ్ళీ షెడ్డులో

నేను తిరిగొచ్చిన వారానికి ఒడిశా నుంచి బస్సు దిగింది. ఇరవై మంది ఆడవాళ్ళు, పరుపు చుట్టలు, ప్లాస్టిక్ బకెట్లు, చంకలో ఇద్దరు చంటిపిల్లలు. వాళ్ళ ఊళ్ళ దగ్గర ఏది మూతబడిందో, ఎవరు మూశారో నేను అడగలేదు. అడగడానికి భాష లేదు. కాంట్రాక్టరు సూపర్‌వైజర్ ఇంకా రాలేదు, వీళ్ళకు రొయ్య పని కొత్త. "వీళ్ళకు చెయ్యి తిరిగేదాకా నువ్వు ఉండు విమలా, తర్వాత చూద్దాం" అన్నారు ఓనరుగారు. తర్వాత చూసేదేమీ ఉండదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మొదటి రోజు మమత అనే అమ్మాయి ఐసు నీళ్ళల్లో చెయ్యి పెట్టి కెవ్వుమని వెనక్కి తీసుకుంది. దగ్గరికి వెళ్ళి ఆ చెయ్యి నా రెండు చేతుల మధ్య పెట్టుకుని కాసేపు వేడి చేశాను. వేళ్ళ కొసలకు గుడ్డ పేలికలు ఎలా చుట్టుకోవాలో చూపించాను. కత్తి ఎంత వంచి పట్టాలో వెనకాల నిలబడి పట్టించాను. సైగలతోనే అంతా. వీళ్ళు ఎంత తొందరగా నేర్చుకుంటే నేను అంత తొందరగా ఇంటికి వెళ్ళిపోవాలి. ఒక్కోసారి, కాస్త నెమ్మదిగా నేర్పితే ఏం పోయిందిలే అని మనసు పీకుతుంది. తీరా ఆ పిల్ల తలెత్తి ఇది సరిగ్గా ఉందా అన్నట్టు నా వైపు చూస్తే అలా చేయలేకపోతున్నాను.

నిన్న మమత గంప మొత్తం తనే ఒలిచింది. ఒక్కటీ పాడవలేదు. బల్ల దగ్గరున్న వాళ్ళంతా పని ఆపి నేనేమంటానా అని చూశారు.

"చాలా బాగుందమ్మా" అన్నాను.